చెట్టు కింద తగువు, వసారాలో రాజీ

దొరవారిసత్రం దగ్గర హైవే మీద నిలబడితే చెన్నై వైపు పోయే లారీలు, నెల్లూరు వైపు పోయే లారీలు ఆగకుండా పోతుంటాయి. ఆ రోడ్డు దిగి చెరువు కట్ట వెంట నడిస్తే మన యానాదుల కాలనీలు వస్తాయి. ఇరవై ముప్పై ఇళ్లు, ఒక బోరింగు, ఒక వేపచెట్టు. 2022 ఏప్రిల్‌లో మా మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. కలెక్టరాఫీసు మారింది గానీ మన తగువులు తీరే చోటు మాత్రం మారలేదు. అది ఇంకా ఆ వేపచెట్టు కిందే ఉంది.

మేం చూసిన రెండు పంచాయితీలను ఇక్కడ చెప్పుకుంటాం. రెంటినీ ఊళ్లో 'రాజీ' అనే అన్నారు. ఆ రెండూ ఒకటేనా అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

మొదటిది వల గురించి. బావ దగ్గర బావమరిది వల అడిగి తీసుకున్నాడు. కాలవలో మోడులకు తగులుకుని అది చీలిపోయింది. కొత్త వల కొనిమ్మని బావ, పాతవల ఎట్లాగూ చీలేదేనని బావమరిది. మాటా మాటా పెరిగి ఆడవాళ్ల దాకా వచ్చింది. పొద్దుగూకాక చెట్టు కింద కూర్చున్నారు. పెద్దాయన ముందు బావను చెప్పమన్నాడు. మధ్యలో నోరు తెరిచిన వాళ్లను చేత్తోనే ఆపాడు. తర్వాత రెండోవాణ్ణి చెప్పమన్నాడు. అందరూ అయ్యాక అడిగింది ఒకటే మాట: "వల కుట్టడానికి ఎన్ని పొద్దులు పడతాది?" నాలుగు అన్నారు. "అయితే నాలుగు పొద్దులూ నువ్వే కూచోని కుట్టు. వల బాగయ్యేదాకా నీ ఊతలు బావ వాడుకుంటాడు" అన్నాడు. బావ కాసేపు గొణిగాడు. దారం డబ్బులు కూడా వాడే పెట్టుకోవాలన్నాడు. సరేనన్నారు. అంతటితో అయిపోయింది. నాలుగో రోజున ఇద్దరూ కలిసే చెరువుకు పోయారు.

ఇందులో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. కోర్టు సంగతి మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు. వల తగువుకు సూళ్లూరుపేట కోర్టుకు పోతే వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు పోతాయి. అన్నిటికన్నా ముందు చుట్టరికం పోతుంది. రేపు పెళ్లికీ చావుకీ ఒకరింటికి ఒకరు రావలసిన వాళ్లకు తీర్పు కన్నా తెగిన మాట కలవడమే ముఖ్యం. చెట్టు కింద తగువు తీర్చుకోవడాన్ని వెనకబాటుతనం అనే చదువుకున్న వాళ్లతో మేం ఏకీభవించం. ఈ రోజు దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలు లక్షలు ఖర్చు పెట్టి మధ్యవర్తిని పెట్టుకుని చేస్తున్నది కూడా ఇదే పని.

మన వాళ్లు స్టేషన్ మెట్లు ఎక్కకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని పిల్లలకు చెప్పాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాలోకి ఎక్కించారు. ఏ నేరమూ చెయ్యకపోయినా, ఆ కులంలో పుట్టినందుకే పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంటు పెట్టి కుటుంబాలకు కుటుంబాలను అందులో ఉంచారు. విచిత్రమేమంటే అదే కాలంలో పొలాలకు, తోటలకు కాపలా పెట్టుకున్నదీ యానాదులనే. పంట కాసేవాడూ వాడే, పంట పోతే మొదట పట్టుకునేదీ వాణ్ణే. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయినా తాతల భయం మనవల దాకా వచ్చింది. పోలీసు జీపు వస్తే ఏ తప్పూ చెయ్యనివాడు కూడా చెరువు వైపు పోవడం మేం చిన్నప్పుడు చూశాం.

కాబట్టి వేపచెట్టు మనకు కేవలం సౌకర్యం కాదు. మన మాట మన యాసలో చెప్పుకోగల ఒకే ఒక్క చోటు అది. ఈ సంగతి మనసులో పెట్టుకునే రెండో పంచాయితీ గురించి చెప్తాం.

ఒక భార్యాభర్త రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండేవాళ్లు. చేరేటప్పుడు ఇరవై వేలు బయానా తీసుకున్నారు. గుంట గట్టు మీదే గుడిసె. రాత్రీ పగలూ పని. మూడేళ్లయ్యాక, పిల్ల చదువు కోసం కాలనీకి వచ్చేస్తామన్నారు. గుంట ఆసామి లెక్కలు తీశాడు. పండక్కి ఇచ్చింది, జ్వరానికి ఇచ్చింది, చచ్చిపోయిన రొయ్యకు కోసింది, వడ్డీ, అన్నీ కలిపి అరవై వేలు తేలింది. అది కట్టి పోండి అన్నాడు. వాళ్లు ఒక రాత్రి చెప్పకుండా వచ్చేస్తే మనుషులను పంపి పిలిపించాడు. పెద్దమనుషుల్లో పెట్టారు.

పంచాయితీ జరిగింది ఆసామి ఇంటి వసారాలో. ఆసామికి కుర్చీ. పెద్దమనుషులకు కుర్చీలు. మన వాళ్లందరం వాకిట్లో నేల మీద. మన కులపెద్ద కూడా వచ్చాడు. ఆయనా ఆ ఆసామికి బాకీ ఉన్నవాడే. గంటసేపు మాట్లాడారు. ఆ గంటలో ఆ భార్యాభర్తలు అన్నది "మీ దయ సామీ" అన్న మాట తప్ప ఇంకేం లేదు. చివరికి పెద్దమనుషులు అరవై వేలను నలభై వేలు చేశారు. "మీ మొహం చూసి ఇరవై వేలు వదిలిపించినాం" అన్నారు. ఇంకో రెండేళ్లు గుంట మీద ఉండి తీర్చుకోమన్నారు. భర్త చేతులెత్తి దండం పెట్టాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దాచకుండా చెప్పాలంటే ఆ రోజు మేం కూడా సంతోషించాం. ఇరవై వేలు తగ్గిందని, కొట్టకుండా వదిలారని, కేసు లేకుండా పోయిందని సంతోషించి ఇంటికొచ్చాం. పెద్దమనుషులు మంచివాళ్లు అనుకున్నాం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సంతోషమే. అది ఇప్పటికీ మాకు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే చాలా ఏళ్ల తర్వాత మేం 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం చదివాం. బయానా ఇచ్చి, ఆ బయానా సాకుతో మనిషిని ఇంకో పనికి పోనివ్వకపోయినా, వేరే చోటికి కదలనివ్వకపోయినా, కనీస కూలి ఇవ్వకపోయినా అది వెట్టి అని ఆ చట్టం చెప్తుంది. అలాంటి వెట్టి బాకీ మొత్తం రద్దయిపోతుంది. కట్టనక్కర్లేదు. వసూలు చెయ్యడం నేరం. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో ఏషియాడ్ పనుల్లో ఉన్న కూలీల కేసులో వచ్చిన తీర్పు అది. అంటే ఆ వసారాలో అరవై వేలను నలభై వేలకు దించిన పెద్దమనుషులు అసలు లేని బాకీ మీద బేరం చేశారు. చట్టం సున్నా అన్న చోట నలభై వేలకు 'రాజీ' చేశారు. మన వాళ్లు సున్నాకు దండం పెట్టవలసింది పోయి నలభై వేలకు దండం పెట్టారు.

మరి ఈ రెంటికీ తేడా ఎక్కడుంది? చెట్టు కింద పెద్దాయన మంచివాడు, వసారాలో పెద్దమనుషులు చెడ్డవాళ్లు అంటే సులువుగా తేలిపోతుంది. కానీ అది నిజం కాదు. వసారాలో కూర్చున్న వాళ్లలో నిజంగా జాలి పడ్డవాళ్లు ఉన్నారు. ఆసామితో గట్టిగా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. తేడా మనుషుల మంచితనంలో లేదు.

వల తగువులో బావ గొణగగలిగాడు. దారం డబ్బులు అడగగలిగాడు. "నాకు ఇష్టం లేదు, నేను ఒప్పుకోను" అని లేచి పోయినా వాడికి తిండి పోదు, గుడిసె పోదు. వసారాలో ఆ భర్తకు లేచిపోయే దారి లేదు. ఒప్పుకోనంటే ఆ రాత్రి ఏమవుతుందో వాడికి తెలుసు, అందరికీ తెలుసు. లేచిపోలేనివాడు ఇచ్చే ఒప్పుదల ఒప్పుదల కాదు. 'వద్దు' అనగలిగినవాడు అన్న 'సరే'కే విలువ. మధ్యవర్తిత్వానికి పునాది ఇదే అని మేం అనుకుంటున్నాం. పునాది లేని చోట మధ్యవర్తి ఎంత మంచివాడైనా, లొంగుబాటును కొంచెం తక్కువ నొప్పితో జరిపించే మనిషే అవుతాడు.

మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అని సామెత చెప్పుకుంటూనే ఉన్నాం. అందులో పిల్లి మధ్యవర్తి. పిట్టలు తమంతట తామే పోయి దాన్ని అడిగాయి. మనం ఆ సామెతను ఎప్పుడూ పిట్టల తెలివితక్కువతనానికే వాడతాం. కానీ తగువు వచ్చినప్పుడు పోవడానికి పిల్లి తప్ప ఇంకెవరూ లేకుండా పోవడం కూడా అందులో ఉంది. ఆసామి వసారాకు మన వాళ్లు పోయింది తెలివిలేక కాదు. వేరే గుమ్మం తెలియక.

ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. "ఇవన్నీ రాతకు బాగుంటాయి. రేపు పొద్దున ఆ ఆసామి పొలంలోనే కదా కూలికి పోవాలి? చట్టం చట్టమంటే ఊళ్లో బతకనిస్తారా?" అని మన ఇళ్లల్లోనే అంటారు. ఇది పిరికితనం అని కొట్టిపారేసే హక్కు మాకు లేదు. ఊళ్లో శాంతి కావాలన్న కోరిక నిజమైనది. కానీ ఒకడు నోరు మూసుకున్నందుకు మాత్రమే ఉండే శాంతికి రెండు పక్షాలు లేవు. దాని ఖర్చంతా ఒక్కడే భరిస్తున్నాడు. పైగా ఆ ఖర్చు తీరేది కాదు. ఈసారి నలభై వేలకు తలవంచితే వచ్చేసారి ఇంకొకడి పంచాయితీలో అదే లెక్క మామూలవుతుంది.

ఇంకో సంగతి. మాట వినకపోతే పని ఇవ్వం, అంగట్లో సరుకు ఇవ్వం, దారి ఇవ్వం అని కట్టుబాటు పెట్టడం, పెడతామని బెదిరించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 1989 నాటి ఆ చట్టానికి 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు దీన్ని స్పష్టంగా చేర్చాయి. బాధితులకూ సాక్షులకూ రక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా చెప్పాయి. చట్టం ఉన్నంత మాత్రాన భయం పోదని మాకు తెలుసు. అయినా కోర్టు దారి ఒకటి తెరిచి ఉందని ఇద్దరికీ తెలిసినప్పుడే చెట్టు కింద మాట తిన్నగా ఉంటుంది. కేసు వేసేవాడు వెయ్యి మందిలో ఒక్కడే కావచ్చు. వెయ్యగలడని తెలిస్తే మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందికి కుర్చీ వేస్తారు. కాబట్టి కోర్టూ చెట్టూ ఒకదానికొకటి శత్రువులు కావు. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య నేరస్థ తెగల చట్టానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పనిచేశారు. హాజరు రోజుకు రెండుసార్లు కాకుండా ఒకసారి వేయించుకోండని బేరం చేస్తే సరిపోయేది కాదు. ఆ చట్టం పోవాల్సిందే. కొన్నిటితో రాజీ ఉండదు.

ఇంతదాకా ఎదుటివాళ్ల వసారా గురించి చెప్పాం. మన చెట్టు కింద అంతా బాగుందా? లేదు.

మన చెట్టు కింద ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? వెనక. తాగొచ్చి కొట్టిన మొగుడి మీద భార్య తగువు పెడితే పెద్దలు ఇద్దరినీ మందలిస్తారు. మొగుడికి తప్పు వేస్తారు. ఆ తప్పు డబ్బు చాలాచోట్ల ఏమవుతుందో మనకు తెలుసు. తాగినందుకు కట్టిన తప్పుతో మళ్లీ తాగుతారు. తెల్లారి ఆ అమ్మాయి అదే గుడిసెలోకి పోవాలి. ఆసామి ముందు ఆ భర్తకు లేచిపోయే దారి ఎట్లా లేదో, మన పెద్దల ముందు ఈ అమ్మాయికీ లేదు. ఆసామి వసారాను తప్పు పట్టిన నోటితో మన చెట్టును వెనకేసుకొస్తే మన మాటకు విలువ ఉండదు.

ఈ సంగతిలో మన జిల్లాకు గొప్ప పాఠమే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివి తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో సారా అంగడి మూయించారు. ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. అంతకు ముందు ఊరి పంచాయితీలు సారా తగువులను ఇల్లిల్లుగా, మొగుడూ పెళ్లాల గొడవగా తీరుస్తూ వచ్చాయి. ఆడవాళ్లు కలిసి కూర్చున్నాక అది ఇంటి గొడవ కాదని తేలింది. ఎవరు కూర్చుంటారన్న దాన్ని బట్టి తగువు ఏమిటన్నదే మారిపోతుంది.

ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. పులికాట్ సరస్సుకు దక్షిణాన, తమిళనాడు వైపు, పట్టణవర్ జాలర్ల పల్లెల్లో 'పాడు' అనే పద్ధతి తరతరాలుగా ఉంది. తమిళంలో ఆ మాటకు మన 'పాడు' అర్థం కాదు, వంతు అన్న అర్థం. ఏ రోజు ఏ పల్లె వాళ్లు ఎక్కడ వల వెయ్యాలో చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. మంచి చోటు ఎవరికీ శాశ్వతం కాదు, చెడ్డ చోటూ శాశ్వతం కాదు. పోలీసు లేకుండా, కాగితం లేకుండా సరస్సు మీద తగువులు తగ్గించిన తెలివైన ఏర్పాటు అది. అయితే ఆ వంతుల్లో పేరు ఉండేది ఆ కట్టుబాటు వాళ్లకే. బయటి కులాల వాళ్లకు, మనలాంటి వాళ్లకు ఆ చీటీల్లో పేరు లేదు. లోపలివాళ్లకు న్యాయంగా ఉన్నది బయటివాళ్లకు గోడ అయింది. మన కాలనీలోనూ ఇలాంటి గోడలు ఉన్నాయి. కొత్తగా వలస వచ్చిన కుటుంబం, ఒంటరి ఆడమనిషి, మన పిల్లను చేసుకున్న వేరే కులం అల్లుడు, వీళ్ల తగువుకు చెట్టు కింద ఎంత చోటు ఇస్తున్నామో చూసుకోవాలి.

ఇప్పుడు చట్టం మన చెట్టును ఏమంటోందో చూద్దాం. 1996లో వచ్చిన పీసా చట్టం గిరిజనుల సంప్రదాయ తగువుల పరిష్కార పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మన టీచర్లు పిల్లలకు దీన్ని చెప్తుంటారు. కానీ అది ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. పాడేరులో, రంపచోడవరంలో ఉన్న అన్నదమ్ములకు ఉన్న ఆ రక్షణ మైదానంలో, సముద్రం అంచున ఉన్న మనకు లేదు. మన చెట్టు కింద తీర్పుకు చట్టం బలం లేదు. మన చెట్టును మనమే నిలబెట్టుకోవాలి.

2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం చేసింది. అందులోని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు గానీ, ఊళ్లల్లో, వీధుల్లో శాంతికి ఇబ్బంది తెచ్చే తగువులకు సామాజిక మధ్యవర్తిత్వం అని ఒక అధ్యాయం పెట్టారు. ముగ్గురు మధ్యవర్తులు ఉండాలంది. ముందే ఇద్దరి ఒప్పుదల ఉండాలంది. అక్కడ కుదిరిన ఒప్పందాన్ని కోర్టు డిక్రీలా బలవంతంగా అమలు చెయ్యడానికి లేదని కూడా చెప్పింది. చాలామంది దీన్ని లోపం అంటారు. మాకు ఇది వల తగువులాగే కనిపిస్తుంది. నాలుగు పొద్దులు కుట్టమన్న మాటను అమలు చేసింది పోలీసు కాదు. ఇద్దరికీ అది న్యాయం అనిపించడమే.

లోక్ అదాలత్ సంగతి వేరు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. రాజీ మార్గమే రాజమార్గం అన్న బోర్డు అక్కడ కనిపిస్తుంది. నిజమే, కానీ ఆ రాజమార్గంలో వెనక్కి తిరిగే దారి లేదు. అందుకే కాగితంలో ఏముందో చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యకూడదు. అదే చట్టం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. సంతకానికి ముందు వకీలు కావాలని అడగడం ఎవరినీ అవమానించడం కాదు.

చెట్టు కిందికి రాకూడని తగువులు కొన్ని ఉన్నాయి. వీటి మీద మన కాలనీలు ముందే ఒక మాట మీద ఉండాలి. ఆడపిల్ల మీద అత్యాచారం జరిగితే తప్పు వేసి, పెళ్లి చేసి సర్దడానికి లేదు. అత్యాచారం కేసుల్లో రాజీ ఆలోచనే తగదని 2015లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. ఈ మాట టీచర్లకు మరీ ముఖ్యం. కులం పేరుతో కొట్టినా, అవమానించినా, వెట్టి చేయించినా అవి నేరాలు. అవి ఆ ఒక్క మనిషి మీద జరిగినట్టు కనిపిస్తాయి గానీ మనందరి మీద జరిగినవి. మనందరి తరఫున క్షమించే అధికారం ఏ ఒక్క పెద్దకూ లేదు.

మిగతా తగువులు చాలా ఉన్నాయి. వల, గట్టు, బోరింగు దగ్గర వంతు, మేక తిన్న మొక్క, తీసుకున్న చేబదులు, ఇద్దరన్నదమ్ముల మధ్య ఒక గుడిసె. మన జీవితాల్లో నూటికి తొంభై తగువులు ఇవే. వీటికి మన చెట్టు చాలు. అయితే కూర్చునే ముందు మనల్ని మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మధ్యవర్తులను ఇద్దరూ కలిసి ఎంచుకున్నారా, లేక ఒకరే పిలిచారా? మధ్యవర్తి ఎవరికైనా బాకీ ఉన్నాడా? అందరూ ఒకే ఎత్తులో కూర్చున్నారా? ఆడమనిషి తగువైతే మధ్యవర్తుల్లో ఆడవాళ్లు ఉన్నారా? ఒప్పుకోనని లేచిపోతే ఆ మనిషికి ఏమైనా అవుతుందా? చివరి ప్రశ్నకు 'అవుతుంది' అన్నది జవాబైతే ఆ రోజు అక్కడ కూర్చోకూడదు. అది ముందు ఆఫీసుకో, కోర్టుకో పోవాల్సిన తగువు.

నేలపట్టు పక్షుల సంగతి మా మండలం పిల్లలందరికీ తెలుసు. గూడబాతులు వచ్చి చెరువులో చెట్ల మీద గూళ్లు పెడతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలం. రైతులు పక్షుల జోలికి పోరు. 1976లో ప్రభుత్వం దాన్ని సంరక్షణ కేంద్రంగా ప్రకటించక ముందు నుంచీ ఊరి వాళ్లు ఇలాగే ఉన్నారు. పక్షికి గూడు దొరుకుతుంది, పొలానికి ఎరువు దొరుకుతుంది. అందుకే అది నిలిచింది. వసారాలో కుదిరిన రాజీ నిలవలేదు. ఆ భార్యాభర్తలు ఏడాది తిరక్కుండానే మళ్లీ రాత్రి పూట వెళ్లిపోయారు. ఈసారి కాలనీకి రాలేదు. ఎక్కడికి పోయారో చుట్టాలకు కూడా చెప్పలేదు. పిల్ల చదువు ఏమైందో మాకు తెలియదు.

ఈ మధ్య ఒక కాలనీలో బోరింగు వంతుల మీద తగువు వస్తే చెట్టు కింద కూర్చున్నాం. ఒప్పందాన్ని ఇంటర్ చదివే అమ్మాయి కాగితం మీద రాసింది. రాసింది రాసినట్టు గట్టిగా చదవమన్నాం. చదివింది. ఒక ముసలమ్మ వెనక నుంచి "మూడో మాట మళ్లా చదువు పాపా" అంది. మళ్లీ చదివింది. "అట్లయితే నేను ఒప్పుకోను. తెల్లారుజామున నేను నీళ్లు మోయలేను" అంది ముసలమ్మ. కొందరు నవ్వారు. ఒకరిద్దరు విసుక్కున్నారు. పెద్దాయన ఆమెను ముందుకొచ్చి కూర్చోమన్నాడు. అమ్మాయి ఆ మూడో మాట కొట్టేసింది.

ఆ రాత్రి తగువు తీరలేదు. మర్నాడు మళ్లీ కూర్చున్నాం.